టెలివిజను ప్రయోక్తలు: సంబోధనవిచారము

తెలుఁగు టెలివిజను కేంద్రములయందు వార్తలు చదువుచు, గోష్ఠులు నడపుచు, పాటలపోటీలకుఁ బెద్దఱికము వహించుచుఁ బ్రేక్షకులతో మాటలాడువారికి నేఁడు వ్యవహారమున రెండు పేళ్లు కలవు. ఒకటి యాంకరు, రెండవది వ్యాఖ్యాత. మొదటిది యింగ్లీషున నోడ లంగరునకుఁ జెల్లు శబ్దము. రెండవది సంస్కృతమే యైనను నిచటఁ బొసఁగదు. ఒకరు చెప్పినదానిని విప్పి చెప్పువాఁడు వ్యాఖ్యాత. కాళిదాసునకు మల్లినాథుఁడు వ్యాఖ్యాత. మూలము లేనిచో వ్యాఖ్యాత లేఁడు. తెరపై నిలుచువాఁడు పెక్కుసారులు మూలమును దానే పలుకును. కావునఁ గొందఱు వాడుచున్న ప్రయోక్త యను పేరే యిచటఁ దగినది. నాటకమును బ్రయోగించువానికిని, శబ్దమును బ్రయోగించువానికిని శాస్త్రములయందు ఆ పేరే కలదు. ఈ రెండు పనులును దెరమీఁద నొక్కనియందే కూడియున్నవి.

ఈ ప్రయోక్తల పలుకుబడినిగూర్చి వెలువడిన విమర్శనములు రెండు పక్షములుగా నున్నవి. టెలివిజను వచ్చి తెలుఁగును జెఱిచినదనియు, ఒత్తులు నశించినవనియు, ఇంగ్లీషు నిండినదనియు మొదటి పక్షమువా రందురు. భాష జనులది, జనులు పలికినదే సాధువు, ఇందుఁ బండితులకుఁ బనిలేదని రెండవ పక్షమువా రందురు. మొదటివారికి చెవి కలదు, చరిత్రదృష్టి కొఱఁత. రెండవవారికిఁ జరిత్రదృష్టి కలదు, చెవి కొఱఁత. ఇరువురును బలుకఁబడిన శబ్దమునే పరీక్షించుచున్నారు గాని, అది యెవనిని ఉద్దేశించి పలుకఁబడినదో పరీక్షించుట లేదు. తెలుఁగు కేంద్రముల ప్రయోక్తల చరిత్రమును సంబోధనచరిత్రముగాఁ జదివినచో వారి గుణదోషములు స్పష్టపడును. ఆ పరీక్షయే యీ వ్యాసమునకు విషయము.

సంబోధనలక్షణము

సంబోధనమనఁగా నొకనిని దనవైపునకు అభిముఖునిఁ జేసికొనుట యని వ్యాకరణవృత్తికారులు చెప్పిరి. పేరు పెట్టి పిలుచుట మాత్రమే సంబోధనము గాదు. పిలువఁబడినవాఁడు మొగము త్రిప్పి వినుటకు సిద్ధపడినప్పుడే యది ఫలించును. పాణిని యింకొక విశేషమును గూడ విధించెను. దూరమున నున్నవానిని బిలుచునప్పుడు వాక్యమున చివరి యచ్చు ప్లుతమగును, అనఁగా మూఁడు మాత్రల కాలము సాఁగును. పొలమున దూరముగా నున్న కుమారుని గట్టుమీఁదినుండి పిలుచు తల్లి గొంతునందు ఈ విధి నేఁటికిని వినవచ్చును. దూరస్థుఁడు వినవలెనన్నఁ గంఠము సాఁగవలెను. దూరమే ప్లుతమునకు నిమిత్తము.

టెలివిజను పేరులోనే దూరము కలదు. మనవారు దానికి దూరదర్శనమని పెట్టుకొన్న పేరును అట్టిదే. కాని మైక్రోఫోను ప్రయోక్త పెదవులయొద్ద నుండును, పెట్టె ప్రేక్షకుని గదిలో నాలుగడుగుల దవ్వున నుండును. నూఱు క్రోసుల యావలినుండి వచ్చు కంఠము, పీఁట వేసికొని యెదుటఁ గూర్చున్న చుట్టపు కంఠమువలె వినఁబడును. నిమిత్తము పోఁగా నైమిత్తికమును బోవునను న్యాయముచొప్పున నిచట ప్లుతమునకు చోటు లేదు. దూరస్థుఁడైనను సమీపస్థునివలె మాటలాడుటయే ప్రయోక్తృధర్మము. ఇందుకు రెండు సాధనములు వలయును. తాను మాటలాడునది యెవనితోనో యెఱుఁగవలెను. ఎఱిఁగిన పిమ్మట, అతఁడు చేరువనున్నాఁడని నమ్మి పలుకవలెను. ఈ రెండింటినిఁ బట్టియే ముందు చెప్పఁబోవు ప్రయోక్తలను దూఁచవలసియున్నది.

ఆకాశవాణిలోని పూర్వులు

టెలివిజను ప్రయోక్తలకు రేడియో ప్రయోక్తలు పూర్వులు. మదరాసు ఆకాశవాణి కేంద్రము 1938 జూన్ 16వ తేదిని, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదిని నెలకొల్పఁబడినవి. మదరాసునుండి తెలుఁగుపిల్లల కార్యక్రమమును నడపిన న్యాయపతి రాఘవరావుగారికి, ఆయన భార్య కామేశ్వరిగారికి రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య యని పేళ్లు స్థిరపడినవి. ఇది సామాన్యవిషయము గాదు. గవర్నమెంటు వ్యవస్థకుఁ జెందిన యొక కంఠము, లోకమంతయు విను సాధనమున, తన్నుఁ దాను అన్నగాఁ జెప్పుకొన్నది. అన్న యన్నచో వినువాఁడు తమ్ముఁడో చెల్లెలో యగును. సంబంధశబ్దములకు ఈ మహిమ కలదు. ఒక కొస పట్టుకొన్న రెండవ కొస తానై వచ్చును. తండ్రి యన్న బిడ్డయు, గురువన్న శిష్యుఁడును ఆక్షిప్తులగునట్లు, అన్నయ్య యనఁగానే వేలకొలఁది యిండ్లలోని పిల్లలకు సంబోధ్యత్వము సిద్ధించెను.

ఆ కార్యక్రమములయందలి భాష యెట్టిదను వివాదము నాఁడును గలదు. గ్రాంథికవాదులకు అది వ్యావహారికము. పల్లెవారికిఁ బట్టణపు మాట. అయినను, దానిని విన్నవా రెవ్వరును ఎవరితోనో యనుచున్నాఁడని తలఁపలేదు. తమతోనే యనుచున్నాఁడని తలఁచిరి. ప్రయోక్తృగుణములలో నిది మొదటిది.

ఒక చిత్రము, రెండు కంఠములు

భారతదేశమున టెలివిజను ప్రసారములు 1959 సెప్టెంబరు 15వ తేదిని ఢిల్లీలో ప్రయోగరూపమున మొదలయ్యెను. తెలుఁగుపల్లెలకు అది పదునాఱేండ్ల తరువాత, మొదట నొక కృత్రిమోపగ్రహముద్వారా వచ్చెను. 1975 ఆగస్టు 1వ తేదినుండి 1976 జులై 31వ తేదివఱకు, అమెరికావారి ఏ.టి.యస్.-6 అను నుపగ్రహము సాయమున ఆఱు రాష్ట్రములలోని 2400 గ్రామములకుఁ గార్యక్రమములు పంపఁబడినవి. ఆ రాష్ట్రములలో నాంధ్రప్రదేశ మొకటి. ఆ యుపగ్రహము ఒక చిత్రముతోపాటు రెండు ధ్వనిమార్గములను మోయఁగలిగినది. అందుచే నొక్క చిత్రమునే యొక పల్లె తెలుఁగునను, వేఱొక పల్లె కన్నడమునను వినుట సాధ్యమయ్యెను.

ఈ యేర్పాటు శబ్దశాస్త్రజ్ఞులకు ఆసక్తికరమైనది. చిత్రము సర్వసామాన్యము, ప్రాంతమును నిర్ణయించునది కంఠమే. నాగలి యెల్లెడల నాగలియే. దానిని ఈ పల్లెవాని నాగలిగాఁ జేయునది దానిని బేర్కొను పలుకు. స్థానికకేంద్రమను మాటకు గోపురమును, యంత్రములును గాక, పలుకే యర్థమని ఈ యొక్క సంవత్సరపు ప్రయోగమే నిరూపించినది. తరువాతి కేంద్రములు ఈ పాఠమును మఱచినపుడెల్ల స్థానికత్వమును గోలుపోయినవి.

హైదరాబాదు కేంద్రము

దూరదర్శన్ 1976 ఏప్రిల్ 1వ తేదిని ఆకాశవాణినుండి విడివడినది. 1977లో హైదరాబాదు కేంద్రము ప్రారంభమైనది. తెలుఁగువార్తలు మాత్రము మఱి యాఱేండ్లకుఁగాని రాలేదు. 1983 నవంబరు 14వ తేదిని శ్రీ శాంతిస్వరూప్‌గారు తొలి తెలుఁగువార్తలను జదివిరి. అప్పటికిఁ బాఠమును గన్నులయెదుట నడపించు టెలిప్రాంప్టరు యంత్రము ఆ కేంద్రమున లేదు. ఆయన వార్తలను గంఠస్థము చేసి, ప్రేక్షకులవైపు చూచుచుఁ జెప్పెడివారు. కొన్నియేండ్లు ఈ పద్ధతియే సాగినది.

ఈ యొక్క విషయమున నాయన ప్రతిభ కంఠమునందుకంటె ధారణయందు ఎక్కువగాఁ గనఁబడును. వేదాధ్యయనముచేసిన కుటుంబములకు ధారణ క్రొత్త కాదు. కాని వేదము మాఱదు, వార్త ప్రతిదినము మాఱును. సాయంకాలమున వచ్చిన పేళ్లను, సంఖ్యలను, పదవులను గొలఁది గడియలలో హృద్గతము చేసికొని తప్పకుండఁ జెప్పుట సామాన్యము గాదు. ధారణచేఁ గలిగిన ఫలము ఆభిముఖ్యము. కాగితమును జూచువాని కన్నులు కాగితమువైపు తిరిగియుండును. కంఠస్థము చేసినవాని కన్నులు వినువానివైపు తిరుగును. సంబోధనలక్షణమునఁ జెప్పఁబడిన యభిముఖీకరణము ఆ విధముగా, ఎట్టి సంబోధనశబ్దమును లేకయే, సిద్ధించినది.

ఇఁక నా వార్తల భాషనుగూర్చి చెప్పవలసినది కలదు. ఆ వాక్యములు పత్రికావాక్యములకుఁ దోఁబుట్టువులు. అధికారవర్గములు పేర్కొనుట, మంత్రి స్పష్టము చేయుట, చర్యలు చేపట్టఁబడుట యందుఁ బదేపదే వినఁబడును. కర్త దాఁగి కర్మణిప్రయోగములు పెరిగినవి. ఎవఁడు చేసెనో చెప్పని వాక్యమున నెవనికిఁ జెప్పుచున్నారో యదియు మఱుఁగుపడును. వాక్యము దూరము, వక్త చేరువ. ఈ వైరుధ్యము దూరదర్శన్ వార్తలకు చిరకాలలక్షణమైనది. ఉచ్చారణశుద్ధి, నిదానము, పదములమధ్య విరామము, పేళ్లయెడ గౌరవము అను గుణములచే నా దూరము చాలవఱకుఁ గప్పఁబడినది. నేఁడు ఆ కాలమును దలఁచుకొనువారు ప్రశంసించునది యా గుణములనే గాని యా వాక్యములను గాదు.

ఆ కేంద్రముననే వాక్యమును వక్తయు రెండును జేరువగా నుండిన కార్యక్రమమొకటి కలదు. ప్రేక్షకులు వ్రాసిన యుత్తరములకు సమాధానములు చెప్పు జాబులు-జవాబులు అను కార్యక్రమమది. ఉత్తరము వ్రాసినవాని పేరును, ఊరును జదివి సమాధానము చెప్పునపుడు సంబోధ్యుఁడు నిర్దిష్టుఁడు. పేరు చదువఁబడినవాఁ డొక్కఁడే యైనను, ఊరు చదువఁబడఁగానే యా యూరివా రందఱును అభిముఖులగుదురు. ఊరిపేరు పలుకుట స్థానికకేంద్రమునకుఁ దక్కువ వ్యయముతో నెక్కువ ఫలము నిచ్చు ప్రయోగము.

ప్రైవేటు కేంద్రములు

1995లో జెమిని టీవీయు, అదే సంవత్సరము ఆగస్టు 27వ తేదిని ఈటీవీయు మొదలగుటతో తెలుఁగుతెరపైఁ గంఠములు పెక్కయ్యెను. ప్రకటనలచే జీవించు కేంద్రమునకుఁ బ్రేక్షకుఁడు శ్రోత మాత్రమే గాఁడు, సరకును గొనువాఁడు కూడ. కార్యక్రమము మధ్య విరామము వచ్చునపుడు, ఎక్కడికిని వెళ్లవలదని చెప్పుట యప్పుడే యలవాటైనది. వ్యాకరణదృష్టిని జూచిన నది నిషేధమా, ప్రార్థనమా? రూపము నిషేధము, భావము ప్రార్థనము, ఫలము వర్తకునిది. పిలుచువాఁడొకఁడు, పిలిపించువాఁడు వేఱొకఁడు గావున నిట్టి పిలుపు ప్రేరణార్థకము. నేఁటి తెలుఁగుప్రయోక్తలు నిత్యమును పలుకు మాటలలో నింత బోలుగా నున్నది వేఱొకటి లేదు.

అట్టి కేంద్రములందే యుత్తమప్రయోక్తలును బుట్టిరనుట న్యాయము. ఈటీవీలో 1996లో మొదలైన పాడుతా తీయగా కార్యక్రమమును శ్రీ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు 2020లో పరమపదించువఱకు నడపిరి. అది పాటలపోటీ. అయినను దానిని విడువక చూచినవా రందు నేర్చినది సంగీతముకంటె నుచ్చారణము. పిల్ల పాడి ముగించిన తరువాత నాయన మొదట మెచ్చుకొని, పిదప శకార సకారముల భేదమును, ఒత్తు జాఱినచోటును, ఊపిరి తెగి పదము రెండైనచోటును జూపెడివారు. గాయకుఁడై వేలకొలఁది పాటలు పాడినవాఁడు చెప్పుటచే నది పండితుని మందలింపువలెఁ గాక, తోడిపనివాని సలహావలె నుండెడిది.

ఇచట సంబోధనరీతి విచిత్రమైనది. ఆయన మాటలాడుచున్నది యెదుటి పిల్లతో. వినుచున్నది యింటనున్న ప్రేక్షకుఁడు. ఒకరి మిషచే నింకొకరికిఁ జెప్పుట అన్యాపదేశము. నీ శకారము తప్పని ప్రేక్షకునితో నేరుగా నన్నచో నతఁడు పెట్టె కట్టివేయును. ఎదుటి పిల్లతో నన్నచో, తన నాలుకను దానే పరీక్షించుకొనును. తెలుఁగువారి యుచ్చారణమునుగూర్చి వ్రాయఁబడిన గ్రంథములు చేయలేని పనిని ఈ యన్యాపదేశము చేసినది.

ఈటీవీలోనే స్టార్ మహిళ యను కార్యక్రమమును పదేండ్లకుఁ బైగా నడపిన శ్రీమతి సుమ కనకాలగారి విషయము మఱొక యుదాహరణము. ఆమె మాతృభాష మలయాళము. అయినను ఆమె తెలుఁగు తెలుఁగువారికే యాదర్శప్రాయమైనది. శిష్టత్వము పుట్టుకచే రాదు, అభ్యాసముచే వచ్చుననుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు. ఆమె బలము వేగము గాదు, వినుట. పోటీకి వచ్చిన గృహిణి యొక మాట యనఁగానే యా మాటనే పట్టుకొని తన తరువాతి వాక్యమును మొదలుపెట్టుట యామె రీతి. ముందుగా వ్రాసికొన్న మాట లిట్లు అతుకవు. సంభాషణమున రెండవవాని పలుకే మొదటివాని పలుకునకు నిమిత్తము కావలెను. అట్లు కానిచో నది రెండు ప్రసంగములు ప్రక్కప్రక్కన నుండుట యగును గాని సంభాషణము గాదు.

ఊరి కేబులు కేంద్రములు

చరిత్రకారులు పేర్కొనక విడిచిన శాఖ యొకటి కలదు. 1990ల దశకమున కేబులుతీఁగ ఇండ్లకు వచ్చిన తరువాత, జిల్లా పట్టణములలోని కేబులు యజమానులు తమ తీఁగపై నొక మార్గమును దమకై యుంచుకొని, ఊరి వార్తలు, పుట్టినదినపు శుభాకాంక్షలు, దేవాలయోత్సవములు, దుకాణముల ప్రకటనలు ప్రసారము చేసిరి. కేబులు టెలివిజను శాసనము 1995లో వచ్చెను. ఆ కేంద్రములలో చదువరులు పెక్కురు జీతగాండ్రు గారు. పగలు వేఱొక పని చేసికొని సాయంకాలమున వార్తలు చదివినవారు.

వారి యుచ్చారణము శుద్ధమని యెవ్వరును జెప్పరు. దీపములు మొగమున సరిగాఁ బడవు, కాగితము చేతిలో నలుఁగును. అయినను పెద్ద కేంద్రములకు లేని శాసనమొకటి వారిపైఁ గలదు. రాత్రి తప్పు చదివిన ప్రయోక్త, తెల్లవాఱి కూరగాయల బజారున నా తప్పును గుర్తించినవానిని గలిసికొనును. వీధిపేరు తప్పు పలికినచో నా వీధివారు నిలువరింతురు. కుండ కావలసినవాఁడు కుమ్మరికడకుఁ బోవునట్లు శబ్దము కావలసినవాఁడు వైయాకరణునికడకుఁ బోఁడనెడి భావమును పతంజలి మహాభాష్యమునఁ దెలిపెను. శబ్దము లోకమున నున్నది. దానిని దిద్దునదియు లోకమే. లోకము వచ్చి దిద్దుటకు వీలైనంత చేరువనున్న ప్రయోక్తయే స్థానికప్రయోక్త. పెద్ద కేంద్రముల ప్రయోక్తలకు గోపుర మెత్తయిన కొలఁది ఈ శాసనము సడలినది.

తీన్మార్ విచారము

2004లో టీవీ9 మొదలైన తరువాత రేయింబవళ్లు వార్తలు చదువు కేంద్రములు పెరిగినవి. వాని భాషయంతయు నించుమించుగా నొక్కటియే. ఏ జిల్లాది యని చెప్పుటకు వీలుకాని శిష్టవ్యావహారికము. 2012లో మొదలైన వీ6 కేంద్రము తీన్మార్ వార్తలను దెలంగాణ మాండలికమునఁ జదివించుటతో నీ యేకరూపత భగ్నమయ్యెను. తీన్‌మార్ యనునది తెలంగాణమున నూరేగింపులయందు వాయించు దరువు. ఆ పేరనే ప్రయోక్తలు మల్లన్న, సావిత్రి, బిత్తిరి సత్తి యను పేళ్లతో నింటింటఁ బరిచితులైరి.

మాండలికము వార్తలకుఁ దగునా యను ప్రశ్న యప్పుడు పుట్టినది. తగదనువారు దానిని నియమము లేని భాష యనిరి. ఈ మాట పరీక్షకు నిలువదు. పోయినాఁడు అను రూపమునఁ గ్రియ నడిమి దీర్ఘము లోపించి పోయిండు ఐనది. చెప్పినారు అనుచో నా దీర్ఘమే లోపించి చెప్పిన్రు ఐనది. రెండుచోట్లను లోపమొక్కటే, స్థానమొక్కటే. అది, ఇది, అట్ల, ఇట్ల, అక్కడ, ఇప్పుడు అను నిర్దేశశబ్దములకు మొదట గకారము చేరి గది, గిది, గట్ల, గిట్ల, గక్కడ, గిప్పుడు అగుచున్నవి. ఆగమము నిర్దేశశబ్దములకే వచ్చుచున్నది గాని, అకారేకారములు మొదలుగాఁ గల యితరశబ్దములకు రాదు. అన్న గన్న కాఁడు, ఇల్లు గిల్లు కాదు. ఇల్లు గిల్లు అని జంటగాఁ బలుకుట వేఱొక విధి. విషయమును గుఱుతించి ప్రవర్తించు లోపాగమములున్నచో సూత్రము వ్రాయవచ్చును. సూత్రము వ్రాయుటకు వీలైన భాషను నియమరహితమనుట వైయాకరణులకుఁ దగదు.

తీన్మార్ వార్తల గుణము సంబోధనమునఁ గలదు. ఆ ప్రయోక్తలు పలుకుచున్నది యెవరితోనో, మొదటి వాక్యముననే తెలియును. తమ యింటి పలుకు వార్తలయోగ్యము గాదని తరములుగా విన్నవారికి, ఆ పలుకే తెరపై వినఁబడుట వినోదము మాత్రమే గాదు, గౌరవమును. ఈ మేలును మఱువరాదు.

దాని దోషము వేఱొకచోటఁ గలదు. దానిని భాషయందుఁ గాక, భాషకుఁ గేంద్రమువారిచ్చిన పాత్రయందు వెదకవలెను. సంస్కృతనాటకములలో రాజు సంస్కృతము పలుకును. చెలికత్తెలు, సేవకులు, విదూషకుఁడు ప్రాకృతము పలుకుదురు. ప్రాకృతము నియమములేని భాష యని నాటకకర్తలు తలఁపలేదు. వరరుచి దానికి వ్యాకరణమే వ్రాసెను. అయినను, పాత్రనుబట్టి భాషకుఁ దక్కువతనము వచ్చెను. ఇచటను నదియే జరిగినది. బడ్జెటును, న్యాయస్థానపు తీర్పును, మరణవార్తను శిష్టవ్యావహారికమునఁ జదివి, హాస్యవ్యంగ్యములకు మాత్రము మాండలికమును నియోగించినచో, ఆ భాషను సింహాసనముచెంతకుఁ బిలిచి విదూషకుని పీఁటపైఁ గూర్చుండఁబెట్టినట్లగును. నవ్వించుట తక్కువపని గాదు. నవ్వించుటకే పనికివచ్చుననుట తక్కువచేయుట. 2014లో రాష్ట్రము విభజింపఁబడి, హైదరాబాదు దూరదర్శన్ మార్గమునకు యాదగిరి యనియు, విజయవాడ మార్గమునకు సప్తగిరి యనియుఁ బేళ్లు వచ్చినవి. కొండల పేళ్లు వేఱైనను, రెండుచోట్లను ప్రధానవార్తల భాష యొక్కటిగానే యుండెను. తెలంగాణ మాండలికమునకు జరిగినదే శ్రీకాకుళము, రాయలసీమల పలుకులకును జరిగినది; వానికి విదూషకస్థానము తప్ప వేఱొక పీఁట యరుదుగా దొరికినది.

దోషవిచారము

సంబోధనము చెడినప్పుడు శబ్దము చెడు విధములు మూఁడు.

మొదటిది నిర్నిమిత్తప్లుతము. నమస్కారమునందలి నడిమి దీర్ఘమును మూఁడు మాత్రలు దాఁటి సాఁగఁదీయుట, ప్రతి వాక్యాంతమును హెచ్చుస్థాయిలో వదలుట, చిన్నవార్తను గూడ ఉత్పాతమువలె నఱచి చెప్పుట నేఁడు తెరపై నెల్లెడలఁ గలవు. ఎదుట నున్నవానితో నఱచువాఁడు అతఁడు చెవిటివాఁడనియైనఁ దలఁచియుండవలెను, లేదా యతఁడు లేచిపోవుచున్నాఁడనియైన భయపడియుండవలెను. రెండవదియే కారణము. ప్రేక్షకుని చేతిలో మార్గములు మార్చు మీట యున్నది. వెళ్లుచున్నవానిని బిలుచు పిలుపు దూరాహ్వానమే గదా! శాస్త్రముచొప్పున నీ ప్లుతము ప్రయోక్తయే సృష్టించుకొన్న దూరమునకు గుఱుతు.

రెండవది వర్ణవిపర్యయము. బాధ యనవలసినచోట భాద యనుచు నొత్తును స్థానము మార్చి పలుకుట సర్వసామాన్యమైనది. అర్థము అనవలసినచోట అర్ధము అనుటచే, తెలిసినదా యని యడుగవలసినవాఁడు సగమైనదా యని యడుగుచున్నాఁడు. విద్యాశాఖ విద్యాశాకమై వంటయింటికిఁ జేరుచున్నది. తెలుఁగుమాటలలో మహాప్రాణములు సహజముగా నరుదు. అలవాటు లేనివానికి నొత్తు జాఱుట క్షమింపఁదగినదే. ఒత్తు జాఱినవాఁడు తెలియక తప్పినవాఁడు. ఒత్తును దప్పుచోట వేసినవాఁడు తెలిసినట్లు కనఁబడుటకుఁ దప్పినవాఁడు. మాండలికప్రయోక్తలలో ఈ రెండవ తప్పు తక్కువ, ఏలయన వారికి లేనిదానిని గనఁబఱచు నక్కఱ లేదు.

మూఁడవది యన్యదేశ్యప్రయోగము. దీనిపైఁ గోపగించువారు భేదమొకటి గమనింపవలెను. సంస్కృతశబ్దము తెలుఁగుక్రియ యగునపుడు ఇంచుక్కు వచ్చును: నిర్ణయించు, ప్రశ్నించు. చిన్నయసూరి బాలవ్యాకరణమున దీనికి విధి చేసెను. హిందుస్థానీ శబ్దములకును దెలుఁగు ఈ గౌరవమే యిచ్చినది: ఫిరాయించు, బనాయించు, దబాయించు. ఇంగ్లీషుశబ్దముల కట్లు గాలేదు. డిసైడ్ చేయుట, ఎంజాయ్ చేయుట, షాక్ అగుట. శబ్దము బయటనే నిలిచి, చేయు, అగు ధాతువులు దానిని జేయిపట్టి నడపించుచున్నవి. ఇంచుక్కు వచ్చినది యింటివాఁడైనట్లు. చేయు పట్టినది యతిథియైనట్లు. అతిథులు రాఁగూడదని యెవ్వ రనఁగలరు? అయితే గృహస్థుఁడు మాటలాడక యతిథులే మాటలాడుచున్న యిల్లు చూచువారికి వింతగా నుండును. డిసైడ్ చేసిరనుటకు మాఱు నిర్ణయించిరన్నచో నెవనికిఁ దెలియదు? అందఱికిఁ దెలిసిన శబ్దమును విడుచుటకుఁ గారణము తెలియకపోవుట గాదు. ఎవరితో మాటలాడుచున్నామో యను నెఱుక లేకపోవుట.

సిద్ధాంతము

ఈ పరీక్షవలనఁ దేలినది యిది. ప్రయోక్తల భాష గ్రాంథికమా, వ్యావహారికమా, మాండలికమా యనునది రెండవ ప్రశ్న. సంబోధ్యుఁ డున్నాఁడా యనునది మొదటి ప్రశ్న. రేడియో అన్నయ్యకుఁ దమ్ములు, బాలసుబ్రహ్మణ్యంగారికి శిష్యులు, ఊరి కేబులు చదువరికి వీధివారు, తీన్మార్ ప్రయోక్తలకుఁ దమ యింటివారు సంబోధ్యులు. వీరి భాషలు నాలుగును వేఱు. నాలుగును జెవికిఁ బొసఁగినవి. సంబోధ్యుఁడు లేనిచోట శుద్ధమైన భాషయు నిర్జీవముగా నుండెను, అశుద్ధమైనది యఱపుగా మాఱెను.

శ్రీ శాంతిస్వరూప్‌గారు 2024 ఏప్రిల్ 5వ తేదిని స్వర్గస్థులైరి. అప్పటికే, 2023లో నొక తెలుఁగు వార్తాకేంద్రము మాయ యను పేర యంత్రప్రయోక్త్రిని దెరపై నిలిపియుండెను. ఆయన మరణించిన రెండు నెలలలోపల, 2024 మే 26వ తేదిని, దూరదర్శన్ వారి కిసాన్ మార్గమున క్రిష్, భూమి యను రెండు యంత్రప్రయోక్తలు ప్రవేశపెట్టఁబడినవి. అవి యేఁబది భాషలలోఁ బలుకఁగలవని ప్రకటించిరి. వాని ధారణకు లోపములేదు, మహాప్రాణములు జాఱవు, అలయిక యెఱుఁగవు. తొలి వార్తాప్రయోక్త గంఠస్థము చేయుటకుఁ బడిన శ్రమ వానికి నిమేషకాలపు పని.

అయినను ఆయన కంఠస్థము చేసినది కన్నులు పైకెత్తుటకు. ఎవనివైపు చూచుటకై పాఠము మనసునఁ బెట్టఁబడినదో, ఆ యెదుటివాఁడు యంత్రమునకు లేఁడు. ఏఁబది భాషలలోఁ బలుకునది యే యూరి బజారునను ఎవ్వరికిని ఎదురుపడదు. దాని తప్పును దిద్దుటకు లోకమునకు దారి లేదు. యంత్రము వచ్చుట దోషమని యనుటకంటె, యంత్రము వచ్చినను భేదము తెలియనంతగా మనుష్యప్రయోక్తలు సంబోధ్యుని మఱచిరా యని కేంద్రములవారు పరీక్షించుకొనుట మేలు.

కేంద్రములవారు చేయఁదగినవి కష్టమైనవి కావు. ప్రయోక్తలను జిల్లాలనుండి యేఱుకొనవలెను. మాండలికమునకుఁ బ్రధానవార్తలయందును, శోకవార్తలయందును జోటీయవలెను. ఉత్తరములును, ఊళ్ల పేళ్లును మరల తెరపై వినఁబడవలెను. ఉచ్చారణమును నేర్పువారు తప్పులపట్టిక నిచ్చుటకు ముందు, ఈ వాక్య మెవనితో ననుచున్నావని యభ్యర్థిని ప్రశ్నింపవలెను. ఆ ప్రశ్నకు సమాధానము తెలిసినవానికిఁ బ్లుతము దానంతటనే తగ్గును. తెలియనివానికి వ్యాకరణ మెంత నేర్పినను గంఠము సాఁగుచునే యుండును.